తప్పుడు సున్నా

"ఆ రోజు కరెంటు పోయిందన్నావు. ఫ్యాను ఆగిందా?"

ఆపరేటర్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. చున్నీ కొసని వేలికి చుట్టి విప్పింది.

"లేదండీ. ఫ్యాను తిరుగుతూనే ఉంది. దున్న స్క్రీను ఒక్కటే నల్లబడింది. కాసేపటికి మళ్ళీ వెలిగింది. వెలగ్గానే మామూలుగానే దున్న సున్నా వెతుక్కుంటూ ముందుకి పాకింది."

"కరెంటు పోకముందు దున్న ఎక్కడుంది?"

"తలుపు దగ్గరే అండీ. సున్నా మీదే."

"సున్నా మీదున్న బండి మళ్ళీ సున్నా కోసం ఎక్కడికి పాకినట్టు?"

అమ్మాయి చున్నీ వదిలేసి తలెత్తింది. ఈ వారం రోజుల్లో ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదని ఆ మొహమే చెబుతోంది. డిటెక్టివ్ మాత్రం జవాబు కోసం ఆగలేదు. గోడ గడియారం వైపు చూసింది. నాలుగింటికి అంతా అయిపోతుంది, ఇప్పుడు మూడు దాటింది.

స్టేషన్లో కానిస్టేబుళ్ళు ఈవిడకి చాటుగా పెట్టుకున్న పేరు భూతద్దం. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారు. డిటెక్టివ్ కాకముందు తండ్రి వర్క్‌షాపులో తమ్ముడితో కలిసి లేత్ మిషన్లు బాగుచేసిన చేతులవి. నూనె మరకలు ఎప్పుడో పోయాయి గానీ, మిషన్ ఏదైనా తప్పు చేస్తే ముందు మనిషినే అనుమానించే బుద్ధి పోలేదు.

దున్న అంటే మందుల గోదాంలో డ్రైవర్ లేకుండా తిరిగే బండి. రెండు వైపులా కప్పుదాకా అలమరలు, వాటి మధ్య ఇరుకు సందు, ఆ సందులో పట్టా, పట్టా మీద ఈ బండి. ముందుకి చాచిన ఇనప చేతులతో పెట్టెలు ఎత్తుతుంది, దించుతుంది. దానికి కళ్ళు లేవు, ఎదురుగా ఏమున్నా తోసుకుపోతుంది కాబట్టే పనివాళ్ళు ఆ పేరు పెట్టారు. మోటారు తోకకి పిడికిలంత ఎన్‌కోడర్ ఒకటి ఉంటుంది. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి చెప్పడమే దాని పని. ఆ లెక్క సరిగ్గా ఉంటే దున్న ఎక్కడుందో స్క్రీనుకి తెలుస్తుంది. లెక్క మొదలయ్యేది మాత్రం తలుపు పక్కనున్న ఒక ఉక్కు పలక దగ్గర. కరెంటు వచ్చినప్పుడల్లా దున్న ఆ పలక ఎదుటికి చేరి, అదే సున్నా అనుకుని, అక్కణ్ణుంచి లెక్క ఎత్తుకుంటుంది.

సందు అటు చివర గోడలో మనిషి నిలబడేంత గూడు ఉంది. దున్న ఆ గూటికి మూరెడు దూరంలో ఆగాలి. కిందటి వారం ఆగలేదు. ఆ వేళ గూట్లో నిలబడి పెట్టెలు చూస్తున్న స్టోర్ కీపర్ మళ్ళీ బయటికి రాలేదు. స్క్రీను మాత్రం, బండి ఆగాల్సిన చోటే ఆగిందని నిమ్మకు నీరెత్తినట్టు చూపించింది.

అంతకు ముందురోజే ఎన్‌కోడర్ మార్చినవాడు ఫిట్టర్. స్క్రూ సరిగ్గా బిగించలేదు, నిండు ప్రాణం తీశాడు అని ఇన్‌స్పెక్టర్ వాణ్ణి లాకప్‌లో వేశాడు. ఆ ఫిట్టర్ డిటెక్టివ్‌కి తోడబుట్టినవాడు. నాలుగింటికి వాణ్ణి ఇక్కడికే తీసుకొచ్చి, తప్పు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించుకుంటారు. ఆ వెంటనే లారీ వచ్చి దున్నని పాత ఇనప సామాన్లలోకి పట్టుకుపోతుంది. ఇక వాడి తరఫున సాక్ష్యం చెప్పేది ఏదీ ఉండదు.

"ఆ రోజు స్టోర్ కీపర్‌ని లోపలికి పంపిందెవరు?" అని అడిగింది డిటెక్టివ్.

"మేనేజర్ గారండీ. చివరి పెట్టెల మీద తేదీలు చూసి రమ్మన్నారు." అమ్మాయి గొంతు తగ్గించింది. "కరెంటు ప్యానెల్ తాళం కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఇవాళ తలనొప్పని ఇంటికి వెళ్ళిపోయారు."

"తలనొప్పి రావాల్సిన వేళకే వచ్చింది," అంటూ డిటెక్టివ్ లేచింది.

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ జేబుల్లో చేతులు పెట్టుకుని ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. మనిషి నున్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటాడు.

"మేడమ్, మీరు కేసు చూడ్డానికి వచ్చారా, తమ్ముణ్ణి కాపాడుకోడానికి వచ్చారా?"

"రెండింటికీ. మీరు దేనికి వచ్చారు?"

"మీకు తోడుగా. మీరు గంట అడిగారు, ఇచ్చాను. ఇంకెవరైనా అయితే గుమ్మం కూడా తొక్కనిచ్చేవాళ్ళు కాదు."

"ఆ మంచితనానికి ఇంకో సాయం కలపండి. ఈ బండిని తొయ్యాలి. ఒక చెయ్యి వెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ ఇస్త్రీ చొక్కా వైపు చూసుకున్నాడు. తప్పదని దాని చేతులు పైకి మడిచాడు. ముందు ఆమె దున్న వెనక కూర్చుని ఎన్‌కోడర్ మీద టార్చి వేసింది. ఇరుసుని పట్టుకున్న స్క్రూ తల మీద సన్నటి పసుపు గీత ఒకటి, స్క్రూ నుంచి పక్క ఇనుము దాకా ఒకే గీతగా ఉంది. వర్క్‌షాపులో నాన్న నేర్పిన అలవాటది. బిగించాక రంగుతో గీత గీస్తారు, స్క్రూ ఇసుమంత కదిలినా గీత రెండు ముక్కలై దొరికిపోతుంది.

"చూడండి, గీత తెగలేదు. స్క్రూ వదులవలేదు."

"గీత తర్వాత గీసి ఉండొచ్చుగా?"

"వాడు ఆ రోజునుంచీ మీ లాకప్‌లోనే ఉన్నాడుగా?"

మోటారు ఆపించి, బ్రేకు వదిలించి, ఇద్దరూ కలిసి బండిని పట్టా మీద సగం దూరం తోసి మళ్ళీ మొదటికి లాక్కొచ్చారు. నంబరెంతని డిటెక్టివ్ అరిచి అడిగింది. ఆపరేటర్ అమ్మాయి స్క్రీను చూసి, నంబరు బయల్దేరిన చోటికే వచ్చిందని చెప్పింది. మళ్ళీ తోశారు. మళ్ళీ సున్నాకి సున్నా. ఇన్‌స్పెక్టర్ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

"ఎన్‌కోడర్ లెక్క తప్పడం లేదు," అంది డిటెక్టివ్. "ఇప్పుడు తలుపు మూసి మోటారు వేయించండి. బండి కదలకూడదు, బ్రేకు మీదే ఉండాలి."

మోటారు సన్నగా మూలిగింది. బండి బండలా నిలబడే ఉంది. స్క్రీను దగ్గర అమ్మాయి మాత్రం కంగారుగా అరిచింది. "నంబరు ఎగురుతోందండీ! మూడు... పదకొండు... మళ్ళీ నాలుగు!"

"విన్నారా?" ఇన్‌స్పెక్టర్ మొహం వెలిగిపోయింది. "మీ తమ్ముడు పెట్టిన ఎన్‌కోడర్ పిచ్చివాగుడు వాగుతోంది. మొన్న మేము చూసినప్పుడూ ఇంతే."

"కదలని బండి కదిలిందంటోంది. తోస్తే మాత్రం నిజమే చెబుతోంది. అంటే పిచ్చి దానిది కాదు, దాని పక్కన కూర్చున్నవాడిది. మోటారు తీగ ఎక్కడో ఎన్‌కోడర్ తీగని ఆనుకుని ఉంది. పెద్దతీగ చేసే గోలని కూడా సన్నతీగ లెక్కలో వేసుకుంటోంది."

"ఆ తీగలు వేసింది కూడా మీవాడే కదా!"

"సరే, ఇంకోటి చెప్పండి. లెక్క తప్పినా ఆపడానికి చివర గోడ దగ్గర ఒక స్విచ్చు ఉంది. బండి దాని మీటని తాకితే చచ్చినట్టు ఆగాలి. మీట వంగి ఉందని మీరే రాశారు."

"బండి గుద్దితే వంగింది."

"గుద్దితే గోడవైపు వంగాలి. మీరు తీయించిన ఫోటోలో అది పైకి వంగి ఉంది, బండికి అందకుండా."

ఇన్‌స్పెక్టర్ కాలరు సవరించుకున్నాడు. ఆమె వదలలేదు. "స్టోర్ కీపర్ భార్య ఒక మాట చెప్పింది. పాత మందుల పెట్టెలకి ఇక్కడ కొత్త తేదీలు అంటిస్తున్నారట. ఆ సంగతి పోలీసులకి చెప్పేసి వచ్చానని ఆయన చనిపోయే ముందురోజు ఇంట్లో అన్నాడట."

"మా స్టేషన్‌కి ఎవరూ రాలేదు." జవాబు ఆమె మాట పూర్తి కాకముందే వచ్చింది. "మేడమ్, మీకు అరగంట కూడా లేదు. అనవసరమైన వాటి మీద తగలేయకండి."

ఆ మాట నిజమే. తీగలు వచ్చేది సందు చివర, గూటి పక్కనున్న గోడ కన్నంలోంచి. మోటారు నడుస్తుండగానే అక్కడికి వెళ్ళి చూడాలి. తలుపు తెరిచి ఉంటే మోటారుకి కరెంటు రాదు. అంటే తలుపు మూసుకుని లోపల ఉండాలి.

సందులోకి వెళ్ళేవాళ్ళు బండి తాళంచెవి తీసి జేబులో వేసుకుని వెళ్ళాలని నియమం. ఈ గోదాంలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. చెవి తీస్తే దున్న మళ్ళీ సున్నా వెతుక్కోవాలి, పని ఆగుతుంది, మేనేజర్ అరుస్తాడు. గూట్లో నిలబడితే చాలు, దున్న అక్కడిదాకా రాదన్న ధైర్యం. ఆ ధైర్యమే స్టోర్ కీపర్‌ని మింగింది. డిటెక్టివ్‌కి అదంతా తెలుసు. చెవి తీస్తే మోటారు ఆగిపోతుంది, మోటారు ఆగితే తప్పు దాక్కుంటుంది. చెవి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. తమ్ముడు ఇక్కడుంటే చెయ్యి పట్టుకుని లాగేసేవాడు.

"నేను ఇక్కడే ఉంటాను మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చెవి ముట్టుకోనివ్వను ఎవర్నీ."

ఆమె చెవిని దాని చోటే వదిలి, తలుపు దగ్గర కాస్త వెడల్పుగా ఉన్న చోట దున్న పక్కనుంచి ఒదిగి లోపలికి నడిచింది. వెనక తలుపు మూసుకుంది.

సందులో రెండు మోచేతులూ అలమరలకి తగులుతున్నాయి. నాలుగడుగులు వేసేసరికే వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. అటు చివర గూటి ముందు నేల కడిగారు. గోడ మీద, సందు పొడుగునా తీగలు పరిచిన ఇనప ట్రే మీద మాత్రం పోలీసులు చల్లిన వేలిముద్రల బూడిదరంగు పొడి అలాగే ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది.

తప్పు వెంటనే దొరికింది. ట్రేలో ఒక వైపు మోటారు తీగ, దాన్నే కావలించుకుని ఎన్‌కోడర్ తీగ, రెంటినీ కలిపి ప్లాస్టిక్ టైలతో కట్టేశారు. రెండో వైపు ఎన్‌కోడర్ తీగ ఉండాల్సిన క్లిప్పులు ఖాళీగా ఉన్నాయి. తీగని వేలితో కదపబోతే, బిగించాక కత్తిరించకుండా వదిలేసిన టై తోక మణికట్టుని గీరింది. సన్నగా రక్తం చిమ్మింది.

రక్తం చూసి ఆమెకి నవ్వొచ్చింది. తమ్ముడి పని కాదిది. కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో అలాంటి తోక ఒకటి వాడి కంటి కింద గుచ్చుకుంది. వెంట్రుకవాసిలో కన్ను దక్కింది. ఆనాటినుంచీ టై కట్టగానే తోకని మొదలంటా కత్తిరించి, వేలితో తడిమి చూసుకుంటే గానీ ఇంకో టై ముట్టుకోడు. ఇంట్లో పాలపాకెట్ మూతికి కట్టిన రబ్బరు బ్యాండు కొస వేలాడినా ఊరుకోడు. ఇక్కడున్న టైలన్నిటికీ తోకలు వేలాడుతున్నాయి.

టార్చి ఇంకా దగ్గరికి పెట్టింది. ఈసారి నవ్వు పోయింది.

తీగల మీద బూడిదరంగు పొడి ఉంది. టైల మీద లేదు. ఒక టైని గోటితో పక్కకి జరిపింది. దాని కింద కూడా పొడి ఉంది. ఖాళీ క్లిప్పుల మధ్య, పొడి పడిన ట్రేలో, తీగంత వెడల్పున ఒక శుభ్రమైన గీత ఉంది. పొడి చల్లినప్పుడు తీగ అక్కడే, తన చోటే ఉంది. ఈ టైలు ఆ తర్వాత కట్టారు.

అంటే స్టోర్ కీపర్ పోయిన రోజు ఎన్‌కోడర్ పిచ్చిమాటలేవీ చెప్పలేదు. ఈ ఎగిరే నంబర్లన్నీ తర్వాత, తమ్ముడి మెడకి చుట్టడానికి తయారుచేసినవి. మరి ఆ రోజు సరైన లెక్క మనిషిని ఎలా చంపింది?

ఆ ఆలోచన పూర్తికాకముందే తలుపు వైపునుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినిపించింది. "అమ్మాయీ, పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నావు. వెళ్ళి టీ తాగి రా." కుర్చీ జరిగిన చప్పుడు. చెప్పుల చప్పుడు. మోటారు మూలుగు ఆగింది. మళ్ళీ మొదలైంది.

దున్న ముందుకి పాకింది.

సున్నా మీదే నిలబడి ఉన్న బండి అది. కరెంటు వచ్చినా కదలక్కర్లేదు. అయినా రెండు మూరలు ముందుకొచ్చి, టక్కుమని ఆగింది. ఆపరేటర్ అమ్మాయి చెప్పింది అచ్చంగా ఇదే. పలకని జరిపారు! చేత్తో తిప్పే నట్టు ఒక్కటి వదులు చేస్తే చాలు, తలుపు పక్కనుంచే అది అందుతుంది. దున్న రెండు మూరలు లోపలున్న చోటునే సున్నా అనుకుంది. ఇక గూటికి మూరెడు దూరంలో ఆగానని నమ్ముతూ గూట్లోకి మూరెడు వచ్చేస్తుంది. లెక్కలో పొరపాటు లేదు. లెక్క మొదలుపెట్టిన చోటు అబద్ధం.

"ఇన్‌స్పెక్టర్ గారూ! ఆపండి! చెవి తిప్పండి!"

దున్న వేగం అందుకుంది. ఇనప చేతులు రెండూ సందు నిండా చాచుకుని వస్తున్నాయి. పక్కకి తప్పుకోడానికి అలమరల మధ్య అరచెయ్యి దూరేంత చోటు కూడా లేదు. వెనక గూడు, ముందు బండి. ఇంతే తన బతుకు అనిపించింది ఆమెకి. తమ్ముడి తరఫున ఇంక చెప్పేవాళ్ళు కూడా ఉండరని దాని వెనకే తట్టింది. ఆ రెండో ఆలోచనకే ఎక్కువ భయం వేసింది.

ట్రే పక్కన ఎన్‌కోడర్ తీగ అతుకు ఉంది. గుండ్రటి కనెక్టర్, మరలు తిప్పి విప్పాలి. తాను ఎక్కడుందో తెలియకపోతే ఈ బండి ఆగిపోతుంది. తప్పుగా తెలిస్తేనే చంపుతుంది. ఆమె కనెక్టర్ పట్టుకుని తిప్పింది. నెత్తురు, చెమట కలిసి వేళ్ళు జారిపోయాయి. చొక్కా అంచు చుట్టి మళ్ళీ తిప్పింది. మర కదిలింది. దున్న చక్రాల చప్పుడు చెవుల్లోకి దూరింది. ఇంకో చుట్టు. ఇంకొకటి. రెండు చేతులతో పట్టుకుని తన బరువంతా వేసి వెనక్కి లాగింది.

కనెక్టర్ ఊడి చేతిలోకి వచ్చింది. ఆమె గూట్లో వెల్లకిలా పడింది. బ్రేకు కీచుమంది. ఇనప చేతులు ఆమె గడ్డానికి జానెడు దూరంలో ఆగాయి.

కాసేపు ఆమెకి తన ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. లేచి నిలబడింది. బండి సందుని పూర్తిగా మూసేసింది. దూకి పోవడానికి లేదు, దూరి పోవడానికి లేదు. ఇనుము సందుల్లోంచి తలుపు వైపు వెలుతురు ముక్కలుగా కనిపిస్తోంది.

"అయ్యయ్యో, మేడమ్! ఏమైంది? దానంతటదే కదిలిపోయింది!"

ఇన్‌స్పెక్టర్ గొంతు. బతికే ఉన్నానని అరవబోయి, ఆగిపోయింది. బూడిదరంగు పొడి ఇంకా వేళ్ళకి అంటుకునే ఉంది. పొడి చల్లించిన రోజే గోదాంకి సీలు వేశారు. ఆ రోజునుంచీ ఇవాళ్టిదాకా ఈ తలుపు తాళం ఉన్నది సీలు వేసిన ఇన్‌స్పెక్టర్ దగ్గరే. మేనేజర్ తాళం తియ్యలేడు. తీసి ఇచ్చినవాడు కావాలి. స్టోర్ కీపర్ వెళ్ళి చెప్పింది ఎవరికో, ఆ మాట అంత త్వరగా మేనేజర్‌కి ఎలా చేరిందో ఇప్పుడు అడగక్కర్లేదు. ఇందాకటిదాకా పూసగుచ్చినట్టు తను విప్పి చెప్పింది అతనికే. ప్రాణం అప్పజెప్పి వచ్చిందీ అతనికే.

తమ్ముడు ఉన్నది కూడా అతని లాకప్‌లోనే.

తలుపు దగ్గర బూట్ల చప్పుడు, గొలుసు చప్పుడు. "సమయానికి తెచ్చారు," అంటున్నాడు ఇన్‌స్పెక్టర్ ఎవరితోనో. ఆ తర్వాత, వారం రోజులుగా ఆమె నిద్రలో కూడా విన్న గొంతు.

"అక్కా! అక్క లోపల ఉందా? ఎవడు పంపాడు? చెవి ఎవడి దగ్గరుంది?"

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం అరిచి చెప్పాలని నాలుక కొసదాకా వచ్చింది. చెబితే వినేది అతని కానిస్టేబుళ్ళే. చెప్పాక రాత్రికి వాడు వెళ్ళేది అతని గదికే.

"ఏమంటారు మేడమ్?" ఇన్‌స్పెక్టర్ మాట తాపీగా వచ్చింది. "ఇంకా పసుపు గీతలూ, పైకి వంగిన మీటలూ అంటారా?"

"లేదండీ." ఆమె గోడకి ఆనుకుంది. "పప్పులో కాలేశాను. మీరన్నదే నిజం. తప్పు మా వాడిదే."

"అక్కా!"

ఆమె గొంతు పెంచింది.

"నోరు ముయ్యి రా! ఏ మొహం పెట్టుకుని పిలుస్తున్నావు? తీగలు రెండూ కలిపి కట్టేశావు. కట్టినవాడివి టై తోకలైనా కత్తిరించావా? నా చెయ్యి చీరుకుపోయింది. చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను, ఒక్కసారైనా విన్నావా?"

అటు వైపు గొలుసు చప్పుడు ఆగింది. ఆమె కళ్ళు మూసుకుంది. వాడికి అర్థం కాలేదేమో. వారం రోజులు ఏం పెట్టారో, ఎంత కొట్టారో. అక్క కూడా వదిలేసిందనే అనుకున్నాడేమో.

"అవునక్కా." తమ్ముడి గొంతులో ఇందాకటి ఏడుపు లేదు. ఎప్పుడో వర్క్‌షాపులో, బరువు ఎత్తబోయే ముందు వచ్చే గొంతది. "ఎప్పుడూ ఇంతే నేను. తోకలు వదిలేస్తాను."

ఇన్‌స్పెక్టర్ హాయిగా నవ్వాడు. "ఇంకేం! సంతకం పెట్టు మరి."

"పెడతాను సార్. ముందు అక్కని బయటికి తియ్యండి. బండి బ్రేకు చేత్తో వదిలి వెనక్కి లాగాలి. అది నాకొక్కడికే వచ్చు. ఈ బేడీలతో కుదరదు."

తర్వాత బేడీ తాళం తిరిగిన చప్పుడు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఇనుము సందుల్లోని వెలుతుర్లో ఒక నీడ అడ్డం పడింది, కుంటుతూ దగ్గరికొచ్చింది. దున్న అవతల వాడు వంగి, ట్రేలోని తీగ మీద వేళ్ళతో తడిమాడు. ఒక టై తోక దగ్గర ఆగాడు.

"నావి కావు," అన్నాడు గుసగుసగా.

"తెలుసు రా."

చక్రాల సందులోంచి వాడి వేళ్ళు ఇటు వచ్చాయి. ఆమె వాటిని పట్టుకుంది. అప్పుడే వాడి వెనక, మెల్లగా, తలుపు మూసుకుంది. మూసినవాడు బండి చెవితో సహా బయటే ఉన్నాడు.